మందు ఒకరికి, ముద్ద ఇంటిల్లిపాదికీ



వన్ టౌన్‌లో ఇళ్ళు ఎలా ఉంటాయో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. కోటవీధి, చెంగల్రావుపేట, బురుజుపేట. సందుకి ఇటు గోడ, అటు గోడ. మధ్యలో సైకిలు పట్టేంత చోటు. ఒక గది. దాని వెనక పొయ్యి పెట్టుకునే జాగా. ఆ ఒక్క గదిలోనే ఆరుగురు. రాత్రి చాపలు పరిస్తే నేల కనపడదు. సముద్రం పక్కనే ఉంది. కానీ ఆ గాలి మాత్రం గదిలోకి రాదు.

అలాంటి ఇల్లు ఒకటి అనుకుందాం. ఇంటాయన హార్బరులో బోటు మీద కలాసి. భార్య తట్ట నెత్తిన పెట్టుకుని చేపలు అమ్ముతుంది. ఇంట్లో ముసలి తల్లి ఉంది. ముగ్గురు పిల్లలు. ఆయనకి నెల రోజులుగా దగ్గు. మొదట చలిగాలి అనుకున్నాడు. తర్వాత బీడీ దగ్గు అనుకున్నాడు. మందుల షాపులో దగ్గు మందు సీసా కొన్నాడు. ఒకటి అయింది, రెండోది అయింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది. రాత్రి చెమటలు పడుతున్నాయి. చొక్కా వదులైపోయింది. ఒకరోజు తెమడలో నెత్తురు చార కనపడింది. ఇక భార్య ఊరుకోలేదు. చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. తెమడ పరీక్ష చేశారు. క్షయ అని తేలింది.

క్షయ అన్నా, టి.బి. అన్నా ఒకటే. క్షయం అంటే తరిగిపోవడం. వెనకటి వాళ్ళు ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఆ జబ్బులో మనిషి కళ్ళముందే తరిగిపోతాడు.

ఈ కలాసికి మందు ఉంది. మంచి మందు. డబ్బు కట్టకుండా దొరికే మందు. ఆయన గురించి తర్వాత చెప్పుకుందాం. ముందు ఆ గదిలో ఉన్న మిగతా అయిదుగురి గురించి చెప్పుకోవాలి. వాళ్ళకి జబ్బు రాకుండా ఏం చెయ్యాలి? ఈ మధ్య కాలంలో మన దేశంలోనే డాక్టర్లు దీని మీద పెద్ద పరిశోధన చేశారు. దాని ఫలితం 2023లో బయటికి వచ్చింది. అందులో తేలిన సంగతి వింటే ఎవరైనా, "ఇది మా అమ్మమ్మ ఎప్పుడో చెప్పింది కదా!" అంటారు. కానీ అమ్మమ్మ చెప్పడం వేరు, లెక్కకట్టి రుజువు చెయ్యడం వేరు.

ముందు జబ్బు ఎలా అంటుతుందో చూద్దాం.

టి.బి.కి కారణం ఒక సూక్ష్మజీవి. కంటికి కనపడదు. 1882లో జర్మనీ దేశంలో రాబర్ట్ కాక్ అనే డాక్టరు దాన్ని కనిపెట్టి చూపించాడు. ఊపిరితిత్తుల్లో టి.బి. ఉన్న మనిషి దగ్గినా, తుమ్మినా ఆ సూక్ష్మజీవులు గాలిలోకి వస్తాయి. సన్నటి తుంపర్లలో తేలుతూ ఉంటాయి. పక్కనున్నవాళ్ళు ఆ గాలి పీలిస్తే లోపలికి పోతాయి. అంతే. కంచం వల్ల అంటదు. గ్లాసు వల్ల అంటదు. ముట్టుకుంటే అంటదు. దుప్పటి వల్ల అంటదు. రోగికి కంచం వేరుగా పెట్టి, మాటలు తగ్గించి, గది మాత్రం తలుపులూ కిటికీలూ మూసి ఉంచే ఇళ్ళు ఉన్నాయి. అక్కడ చెయ్యాల్సిన పని ఒకటి, చేసే పని ఇంకొకటి. కంచం కలిపినా ఫరవాలేదు. కిటికీ తియ్యాలి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి.

మరి ఒకే గదిలో ఉన్నవాళ్ళందరికీ జబ్బు వస్తుందా? రాదు. ఇక్కడే అసలు కిటుకు ఉంది.

సూక్ష్మజీవి లోపలికి పోయినంత మాత్రాన జబ్బు రాదు. మన ఒంట్లో కాపలా ఉంటుంది. ఆ కాపలా దాన్ని చుట్టుముట్టి బంధించేస్తుంది. అది చావదు, కదలదు. నివురు కప్పిన నిప్పులా అలాగే పడి ఉంటుంది. 2019 నుంచి 2021 దాకా మన దేశమంతా ఒక సర్వే జరిగింది. 15 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి 31 మందికి ఇలా లోపల టి.బి. సూక్ష్మజీవి ఉన్నట్టు తేలింది. అంటే ముగ్గురిలో దాదాపు ఒకరికి. వాళ్ళంతా రోగులు కారు. దగ్గు లేదు, జ్వరం లేదు. వాళ్ళ వల్ల ఎవరికీ అంటదు. అలాంటి పది మందిలో తొమ్మిది మందికి జీవితాంతం జబ్బు రాకుండానే వెళ్ళిపోతుంది.

మిగిలిన ఆ ఒక్కరికి ఎందుకు వస్తుంది? కాపలా నీరసించినప్పుడు వస్తుంది. సుగర్ జబ్బు ఉంటే నీరసిస్తుంది. ఎయిడ్స్ ఉంటే నీరసిస్తుంది. తాగుడు వల్ల, పొగ వల్ల నీరసిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా, మన దేశంలో, తిండి చాలకపోతే నీరసిస్తుంది. కాపలావాడికి కూడు పెట్టకుండా రాత్రంతా కాపలా కాయమంటే వాడు మాత్రం ఏం కాస్తాడు?

తిండికీ టి.బి.కీ సంబంధం ఉందని పాతకాలంలోనూ తెలుసు. అప్పుడు మందు లేదు. తిండి, గాలి, విశ్రాంతి, ఈ మూడే వైద్యం. చిత్తూరు వైపు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అని ఒక చోటు ఉంది. నూరేళ్ళకు పైగా అక్కడ క్షయ రోగుల ఆసుపత్రి ఉంది. శానటోరియం అనేవారు. దూరదూరాల నుంచి రోగులు వెళ్ళి అక్కడ నెలల తరబడి ఉండేవారు. మంచి గాలి, మంచి తిండి దొరికేది. కొందరు కోలుకునేవారు. చాలామంది కోలుకునేవారు కారు. ఎంత తిండి పెట్టినా, మందు లేకుండా ఆ సూక్ష్మజీవిని చంపడం కష్టం.

మన దేశంలో బి.సి.జి. టీకా మొదలైంది కూడా ఆ మదనపల్లెలోనే, 1948లో. ఆ టీకా పుట్టిన బిడ్డకి ఇప్పటికీ వేస్తారు. పసిపిల్లలకి మెదడుకి పాకే టి.బి. లాంటి ప్రమాదాలు రాకుండా అది కాపాడుతుంది. కాబట్టి తప్పక వేయించాలి. కానీ పెద్దవాళ్ళకి ఊపిరితిత్తుల టి.బి. రాకుండా అది ఆపలేదని మద్రాసు పక్కన చెంగల్పట్టులో 1968లో మొదలుపెట్టిన పెద్ద పరీక్షలో తేలింది. పెద్దవాళ్ళ కోసం కొత్త టీకాలు ఇంకా పరీక్షల్లోనే ఉన్నాయి. అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు.

మందుల మాటకొద్దాం. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ అనే సూది మందు వచ్చింది. 1952లో ఐసోనియాజిడ్ అనే మాత్ర వచ్చింది. చవక మాత్ర. బాగా పనిచేసే మాత్ర. అప్పుడు మన దేశం ముందు ఒక పెద్ద ప్రశ్న నిలబడింది. రోగులు లక్షల మంది. శానటోరియంలో మంచాలు వేలల్లోనే ఉన్నాయి. అందరినీ ఎక్కడ పడుకోబెట్టాలి? ఇంట్లోనే ఉంచి మాత్రలిస్తే తగ్గుతుందా? ఇంట్లో వాళ్ళకి అంటించేస్తాడా?

దీని జవాబు కోసం 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. రోగులు 193 మంది. మద్రాసు నగరంలో బీదవాడల వాళ్ళు. ఇరుకు ఇళ్ళ వాళ్ళు. వాళ్ళ ఇళ్ళు వన్ టౌన్ ఇళ్ళ లాంటివే. వాళ్ళని చీటీలు తీసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానటోరియంలో. ఒక జట్టు ఇంట్లో. ఇద్దరికీ మందులు ఒకటే. ఏడాది పాటు. శానటోరియంలో పాలు, గుడ్లు, విశ్రాంతి. ఇంట్లో గంజి, చాకిరీ. నర్సులు ఇళ్ళకి వెళ్ళి మాత్రలు మింగారా లేదా అని చూసేవారు. చెప్పకుండా వెళ్ళి మూత్రం కూడా పరీక్ష చేసేవారు.

ఏడాది తర్వాత చూస్తే, ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంత బాగానే తగ్గింది. ఇంకో విచిత్రం. ఇంట్లో రోగిని ఉంచుకున్న కుటుంబాల్లో జబ్బు ఎక్కువగా రాలేదు. రోగిని శానటోరియానికి పంపిన ఇళ్ళలో ఎంతో, వీళ్ళలోనూ అంతే. అయిదేళ్ళు కనిపెట్టి చూశారు. ఎందుకంటే రోగి ఇంట్లో వాళ్ళకి అంటించేది ఎక్కువగా మందు మొదలుపెట్టక ముందు. మాత్రలు సక్రమంగా పడితే కొద్దిరోజుల్లోనే అంటించే గుణం పడిపోతుంది.

ప్రపంచమంతా ఆ మద్రాసు మాట విన్నది. శానటోరియంలు మూతపడ్డాయి. రోగులు ఇంటి దగ్గరే మందు వేసుకోవడం మొదలైంది. లక్షల మంది బతికారు. పెళ్ళాం బిడ్డల్ని వదిలి ఏడాదిపాటు ఎక్కడికో పోయే బాధ తప్పింది. ఇది చాలా గొప్ప పని. సందేహం లేదు.

కానీ దానితో పాటు ఒక పొరపాటు కూడా జరిగింది. "తిండి బాగా లేకపోయినా మందుతో తగ్గింది కదా" అన్నారు. అక్కడితో తిండి మాట మరిచిపోయారు. శానటోరియం మంచంతో పాటు శానటోరియం గుడ్డు, పాలు కూడా పోయాయి. మద్రాసు పరీక్ష అడిగిన ప్రశ్న ఒకటే: మందు వేసుకుంటున్న రోగికి ఇంట్లో తగ్గుతుందా? తిండి పెడితే ఇంట్లో మిగతావాళ్ళకి జబ్బు రాకుండా ఆగుతుందా అని ఆ పరీక్ష అడగలేదు. అడగని ప్రశ్నకి అందులో జవాబు ఎలా దొరుకుతుంది?

ఆ ప్రశ్నకి ఒక ఆనవాలు అంతకు ముందే యుద్ధంలో కనపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాళ్ళు పట్టుకున్న సైనికుల్ని శిబిరాల్లో బంధించారు. ఒక శిబిరంలో ఇంగ్లీషు వాళ్ళూ ఉన్నారు, రష్యా వాళ్ళూ ఉన్నారు. ఒకే ఇరుకు, ఒకే చలి, శిబిరం పెట్టే తిండీ ఒకటే. తేడా ఒక్కటే. ఇంగ్లీషు వాళ్ళకి రెడ్ క్రాస్ సంస్థ నుంచి తిండి పెట్టెలు అదనంగా వచ్చేవి. రష్యా వాళ్ళకి రాలేదు. తర్వాత ఎక్స్‌రే తీసి చూస్తే రష్యా వాళ్ళలో టి.బి. ఎన్నో రెట్లు ఎక్కువ కనపడింది. లేటన్ అనే డాక్టరు ఈ సంగతి 1946లో రాశాడు. అయినా అది ఆనవాలే. రుజువు కాదు.

రుజువు జార్ఖండ్‌లో దొరికింది.

జార్ఖండ్ మనకి మరీ దూరం కాదు. ఒరిస్సా దాటితే జార్ఖండే. మనకి ఉక్కు ఫ్యాక్టరీ ఉన్నట్టే అక్కడా జంషెడ్‌పూర్‌లో, బొకారోలో ఉక్కు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఉక్కు ఉన్నంత మాత్రాన ఊళ్ళలో అందరికీ అన్నం ఉందని కాదు. అక్కడ గిరిజనులు ఎక్కువ. పేదరికం ఎక్కువ.

2019 ఆగస్టులో అక్కడ నాలుగు జిల్లాల్లో పరిశోధన మొదలైంది. మంగళూరు దగ్గర పనిచేసే డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ, చెన్నైలోని క్షయ పరిశోధన సంస్థ వాళ్ళు కలిసి చేశారు. ఆ చెన్నై సంస్థే 1956లో ఇంటి వైద్యం పరీక్ష చేసింది. అడగకుండా మిగిలిపోయిన ప్రశ్నని అరవై ఏళ్ళు దాటాక వాళ్ళే అందుకున్నారు.

టి.బి. రోగులు 2,800 మందిని తీసుకున్నారు. వాళ్ళ ఇళ్ళలో ఉండే మిగతావాళ్ళు 10,345 మంది. రోగులందరికీ మందులు ఇచ్చారు. రోగులందరికీ నెలకి పది కిలోల తిండి మూట కూడా ఇచ్చారు. అందులో బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఉండేవి. విటమిన్ మాత్రలు వేరే. ఇక్కడిదాకా అందరికీ ఒకటే.

తేడా ఇంట్లో వాళ్ళ దగ్గర పెట్టారు. కుటుంబాలని రెండు జట్లు చేశారు. ఒక జట్టులో ఇంట్లో ప్రతి మనిషికీ నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు. పదేళ్ళ లోపు పిల్లలకి అందులో సగం. రెండో జట్టులో ఇంట్లో వాళ్ళు మామూలుగా తినేదే తిన్నారు. తర్వాత 2022 జులై దాకా కనిపెట్టి చూశారు. మధ్యలో కరోనా వచ్చింది, లాక్‌డౌన్ వచ్చింది. అయినా మూటలు మోసుకెళ్ళి ఇళ్ళకి చేర్చారు.

ఫలితం ఏమిటి? తిండి అందిన ఇళ్ళలో కొత్తగా టి.బి. రావడం నూటికి 39 వంతులు తగ్గింది. ఈ లెక్క ఇలా చూడాలి. తిండి ఇవ్వకపోతే వంద మందికి జబ్బు వచ్చేదనుకోండి. తిండి ఇస్తే 61 మందికే వచ్చింది. 39 మంది తప్పించుకున్నారు. ఇక దగ్గితే ఇతరులకి అంటించే రకం టి.బి. ఉంది కదా, తెమడలో సూక్ష్మజీవి కనపడే రకం, అది నూటికి 48 వంతులు తగ్గింది. అంటే దాదాపు సగం.

బియ్యం, పప్పు. వాటితో విటమిన్ మాత్రలు. ఆ సరుకు ధర ఎంతో ఇక్కడ చెప్పనక్కరలేదు. పూర్ణా మార్కెట్‌కి రోజూ పోయేవాళ్ళకి అది నోటికి వచ్చు.

ఇందులో అతిగా చెప్పుకోవలసింది కూడా లేదు. ముప్ఫై ఇళ్ళకి తిండి ఇస్తే ఒక్క మనిషికి టి.బి. రాకుండా ఆగుతుంది అని వాళ్ళే లెక్క కట్టారు. ఒక్కరేనా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ ఒక్కరు ఏ ఇంటి మనిషో ముందుగా ఎవరికీ తెలియదు. పైగా మిగతా ఇరవై తొమ్మిది ఇళ్ళలో తిండి వృథా పోలేదు. పిల్లలు తిన్నారు.

రోగుల సంగతి కూడా ఆ పరిశోధనలో బాగా తెలిసింది. మొదటిరోజు తూకం వేస్తే నూటికి 80 మందికి పైగా ఉండాల్సినంత బరువు లేరు. చాలామంది ఎముకల గూళ్ళు. టి.బి.లో చావులు ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే జరుగుతాయి. మందు మొదలవుతుంది, అది పూర్తిగా పనిచేసేలోపే ఒళ్ళు ఓడిపోతుంది. జార్ఖండ్‌లో ఏం చూశారంటే, మొదటి రెండు నెలల్లో బరువు నూటికి ఒక వంతు పెరిగితే చావు ప్రమాదం నూటికి 13 వంతులు తగ్గింది. అయిదు వంతులు పెరిగితే 61 వంతులు తగ్గింది. 40 కిలోల మనిషికి నూటికి అయిదు వంతులు అంటే ఎంత? రెండు కిలోలు. రెండు నెలల్లో రెండు కిలోలు. అంతే.

అందుకని టి.బి. ఇంట్లో మాత్రల పెట్టెతో పాటు తూకం కూడా ముఖ్యం. మందు మొదలుపెట్టిన రోజు బరువు ఎంతో ఒక కాగితం మీద రాయాలి. తర్వాత నెలనెలా రాయాలి. కొత్తగా చదువు నేర్చిన చేతికి ఇది పెద్ద పనేమీ కాదు. బరువు పెరగకపోయినా, ఇంకా తగ్గినా ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నోటితో చెప్పే మాటకన్నా రాసిన అంకెని డాక్టరు తొందరగా పట్టించుకుంటాడు.

ఇప్పుడు ఆ కలాసి ఇంటికి వద్దాం.

ఆయనకి జబ్బు అని తెలిసింది. గుడ్డు తెచ్చారు. ఆయనకి పెట్టారు. మంచిదే. పిల్లలకి ఉన్నంతలో పెట్టారు. ముసలామెకి అంబలి. మరి భార్య? అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తింటుంది. మిగలకపోతే టీ తాగి తట్ట ఎత్తుకుంటుంది. రోగి పక్కన పడుకునేది ఆమె. తెమడ డబ్బా కడిగేది ఆమె. రాత్రి లేచి నీళ్ళు ఇచ్చేది ఆమె. ఇంట్లో సూక్ష్మజీవిని అందరికన్నా ఎక్కువ పీల్చేది ఆమె. అందరికన్నా తక్కువ తినేది కూడా ఆమే. జార్ఖండ్ లెక్క ఎవరికన్నా ముందు ఆమె కంచానికి వర్తిస్తుంది. ఇది మగవాళ్ళు కూడా వినాలి. అత్తలు కూడా వినాలి. మునపటి నుంచి ఇంతే కదా అనే మాట ఇక్కడ పనికిరాదు.

బలమైన తిండి అంటే డబ్బాలో అమ్మే పొడి కాదు. ఆ డబ్బా మీద బొమ్మకే సగం ధర. అదే డబ్బుతో ఎన్ని గుడ్లు వస్తాయో లెక్క వేసి చూడాలి. పప్పు, గుడ్డు, పాలు, వేరుశెనగ గుళ్ళు, ఉలవలు, చోళ్ళు, ఆకుకూర. వన్ టౌన్ వాళ్ళకి ఇంకొకటి ఉంది. నెత్తళ్ళు. పచ్చివైనా సరే, ఎండువైనా సరే. పెద్ద చేపలు ఐసు పెట్టెల్లో లారీలెక్కి వెళ్ళిపోతాయి. నెత్తళ్ళు మనకే మిగులుతాయి. కండ పట్టడానికి అవి తక్కువవి కావు.

దీనికి డబ్బు? టి.బి. రోగికి తిండి కోసం 2018 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం నెలకి 500 రూపాయలు ఇస్తూ వచ్చింది. 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు. ఆరు నెలల వైద్యానికి 6,000 రూపాయలు. అది రోగి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా నంబరు, ఆధార్ సరిగ్గా నమోదయ్యాయో లేదో మొదటి వారంలోనే అడిగి చూసుకోవాలి. ఇంకొకటి ఉంది. నిక్షయ్ మిత్ర అంటారు. దాతలు, సంఘాలు, కంపెనీలు రోగికి నెలనెలా తిండి సరుకులు ఇచ్చే ఏర్పాటు. ఇది 2022లో మొదలైంది. జార్ఖండ్ ఫలితాలు వచ్చాక, 2024లో, ఇంట్లో వాళ్ళకి కూడా సరుకులు ఇవ్వవచ్చని చేర్చారు. ఇచ్చే దాత దొరికితేనే అందుతుంది. అందుకే అడగాలి. బతిమాలడం కాదు, అడగడం.

ఇంట్లో వాళ్ళకి ఇంకో రక్షణ కూడా ఉంది. రోగి ఇంట్లో ఉన్న అందరినీ పరీక్ష చేస్తారు. దగ్గు, జ్వరం ఉన్నాయా అని అడుగుతారు. వీలుంటే ఎక్స్‌రే తీస్తారు. జబ్బు లేదని తేలితే, లోపల నిప్పు రాజుకోకుండా ముందు జాగ్రత్త మాత్రలు ఇస్తారు. వెనక ఇవి ఆరు నెలలు రోజూ మింగాల్సి వచ్చేది. జబ్బు లేనివాళ్ళు ఆరు నెలలు ఎవరు మింగుతారు? సగంలో మానేసేవారు. 2011లో ఒక పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. రెండు మందులు కలిపి వారానికి ఒక్కసారి, 12 వారాలు వేసుకుంటే సరిపోతుందని తేలింది. మొత్తం 12 సార్లే. మన దేశంలో కూడా ఇప్పుడు ఆ పద్ధతి ఉంది. "నాకేం జబ్బు లేదు, మాత్రలెందుకు?" అనకుండా, ఆశ కార్యకర్త ఇంటికొచ్చినప్పుడు పేరు రాయించుకోవాలి.

రోగి మందుల మాట ఇప్పుడు. మామూలు టి.బి.కి ఆరు నెలలు. రోజూ వేసుకోవాలి. ఒకప్పుడు వారానికి మూడు రోజులు ఇచ్చేవారు. 2017 నుంచి దేశమంతా రోజూ ఇచ్చే పద్ధతికి మారింది. రెండు నెలలయ్యేసరికి దగ్గు పోతుంది, జ్వరం పోతుంది, ఆకలి వస్తుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఇంట్లో మాటలు ఇలా ఉంటాయి:

"దగ్గు తగ్గిపోనాది గదే. ఇంకా ఈ మాత్రలెందుకు? కడుపులో తిప్పుతున్నాయి. రేపు బోటెక్కుతాను. పది రోజులకి గానీ రాను."

"ఎక్కుదువు గానీ, మాత్రలు కూడా మూట కట్టుకెళ్ళు. ఆశ అప్పని అడిగి పది రోజులవీ ఒకేసారి తెస్తాను."

ఆ ఇల్లాలి జవాబే సరైనది. వేటకి వెళ్ళేవాళ్ళు, లారీ మీద వెళ్ళేవాళ్ళు, వేరే ఊరికి పనికి వలస వెళ్ళేవాళ్ళు ముందుగా చెబితే అన్ని రోజుల మందూ ఇస్తారు. ఊరు మారితే అక్కడి ఆసుపత్రిలో తీసుకునేలా పేరు మార్చి ఇస్తారు.

మధ్యలో మానేస్తే ఏమవుతుంది? బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చాయి, మొండివి మిగిలాయి. అవి మళ్ళీ పెరుగుతాయి. ఈసారి పాత మందుకి లొంగవు. అదే మొండి టి.బి. మానేసినవాళ్ళకే కాదు, వాళ్ళు దగ్గితే పక్కవాళ్ళకి అంటేది కూడా ఆ మొండి రకమే. దానికి వైద్యం వెనక ఏడాదిన్నర పైనే పట్టేది. నెలల తరబడి రోజూ సూది. ఆ సూదుల వల్ల కొందరికి చెవుడు వచ్చింది. ఇప్పుడు అందులోనూ మంచి మార్పు వచ్చింది. సూది లేకుండా, నాలుగు రకాల మాత్రలతో ఆరు నెలల్లో నయం చెయ్యవచ్చని ఉజ్బెకిస్తాన్, బెలారస్, దక్షిణాఫ్రికా దేశాల్లో చేసిన పరీక్షలో తేలింది. పాత పద్ధతిలో నూటికి 52 మందికి నయమైతే, కొత్త పద్ధతిలో 89 మందికి నయమైంది. ఫలితాలు 2022లో వచ్చాయి. మన దేశం 2024 సెప్టెంబరులో దానికి అనుమతి ఇచ్చింది.

మాత్రలు మొదలుపెట్టాక మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. నెత్తురేమో అని భయపడి మానేసినవాళ్ళు ఉన్నారు. అది మాత్ర రంగే. భయం లేదు. కానీ కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా, అరికాళ్ళు తిమ్మిరెక్కి మండినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తమంతట తాము మానెయ్యకూడదు. మార్చాల్సిన మందు డాక్టరు మారుస్తాడు.

ఆడపిల్లకి టి.బి. వస్తే దాచేస్తారు. పెళ్ళి కాదని భయం. దాచినన్నాళ్ళూ మందు ఆలస్యం. ఆలస్యమైనకొద్దీ ఇంట్లో వాళ్ళకి అంటుతుంది. 2023లో మన దేశంలో సుమారు 28 లక్షల మందికి టి.బి. వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. ఇంతమందికి వచ్చే జబ్బు ఏ ఒక్క ఇంటి పరువుకో సంబంధించింది ఎలా అవుతుంది?

రెండు వారాలకి మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి. వార్డులో ఉన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినా చాలు. 1923లో మొదలైన మన కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది. పెదవాల్తేరులో ఛాతీ ఆసుపత్రి ఉంది. పరీక్షకి డబ్బు లేదు, మందుకి డబ్బు లేదు. పొద్దున్న లేవగానే నోరు పుక్కిలించి, గుండెల నిండా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీసిన తెమడ ఇవ్వాలి. ఉమ్మి ఇస్తే పరీక్షలో ఏమీ తేలదు. డబ్బా మూత గట్టిగా పెట్టాలి. తెమడ తీసేటప్పుడు గదిలో కాకుండా, బయట గాలి ఆడేచోట, పక్కన పిల్లలు లేకుండా చూసుకోవాలి.

ఆరు నెలల మందు అయిపోయాక కూడా ఆసుపత్రి వాళ్ళు రోగిని వదలరు. మళ్ళీ ఆరు నెలలకి, ఏడాదికి, ఏడాదిన్నరకి, రెండేళ్ళకి పిలిచి చూస్తారు. ఆ నాలుగు తేదీలూ బరువు రాసిన కాగితం మీదే, కింద ఖాళీలో, ముందుగా రాసి పెట్టుకోవచ్చు.